షినాస్‌కి వెళ్ళిన అమెరికా లీడరు

ఒమాన్ వెళ్ళొచ్చానని చెబితే స్నేహితులు అడిగేవి మూడే: ఎండ ఎలా ఉంది, ఒంటెలు కనబడ్డాయా, బంగారం చవకేనా? ఎండ బాగానే ఉంది. ఒంటెలు హైవే కంచె అవతల నిలబడి మమ్మల్ని తీరిగ్గా చూశాయి. బంగారం సంగతి కనుక్కోలేదు. ఎవరూ అడగనిది ఒకటుంది, అడిగితే నేను ఇబ్బందిపడేదీ అదే. అక్కడున్న కొద్దిరోజులూ నేను అమెరికా రాజకీయ నాయకుణ్ణి. నన్నెవరూ ఎన్నుకోలేదు. రాజీనామా చెయ్యడంలో మాత్రం నేనే బాగా ఆలస్యం చేశాను.

పుట్టింది ప్రొద్దుటూరులో. చాలా ఏళ్ళ నుంచి పిట్స్‌బర్గ్ దగ్గర ఉంటూ ఆ దేశ పౌరసత్వం తీసుకున్నాను. మాది రెండు పార్టీలూ ప్రాణం పెట్టి కొట్టుకునే రాష్ట్రం. నేను ఏ పార్టీలోనూ పేరు రాయించుకోలేదు కాబట్టి నాలాంటివాణ్ణి అక్కడ ఇండిపెండెంట్ అంటారు. పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే తొలి ఎన్నికల్లో మా రాష్ట్రంలో నాకు ఓటు ఉండదు. ఆ అన్యాయం గురించి గంటసేపు మాట్లాడగలను. తెలుగువాళ్ళ విందుల్లో ప్లేటు చేతిలో పట్టుకుని ఒక పార్టీ తప్పులు పులిహోర దగ్గర మొదలుపెడితే, రెండో పార్టీ తప్పులు పెరుగన్నానికి ముగుస్తాయి. దీనివల్ల ఎవరికీ లాభం లేదు, నష్టమూ లేదు అనుకునేవాణ్ణి, ఒమాన్ వెళ్ళేదాకా.

విమానాశ్రయం నుంచి అల్ ఖువైర్

మా ఆవిడ తమ్ముడు రఘు అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాడు. ఇండియా వెళ్తూ దారిలో ఒక వారం తన దగ్గర ఆగమని ఎన్నాళ్ళుగానో పోరుతున్నాడు. తీరా నేను దిగిన రోజు తనకి డ్యూటీ. టాక్సీ ఎక్కాను. తెల్లటి పొడుగు చొక్కా, తలమీద కుట్టుపని చేసిన టోపీ, ఆ డ్రైవరు పెద్దాయనకి నాకన్నా మంచి హిందీ వచ్చు. నా పాస్‌పోర్టు రంగు చూసి మాట కలిపాడు.

"మీ దగ్గర గవర్నమెంటు మూతపడుతుందట, నిజమేనా?"

"అప్పుడప్పుడు" అన్నాను. బడ్జెట్ గురించి, రెండు సభల గురించి, ఒకరి బిల్లుకి ఇంకొకరు అడ్డం పడుకోవడం గురించి వివరించాను. విందుల్లో బాగా నలిగిన విషయం కాబట్టి ధారాళంగానే వచ్చింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మూసినప్పుడు విమానాశ్రయంలో బ్యాగులు చూసేవాళ్ళు ఇంటికి పోతారా?"

"పోరు. పని చేస్తారు."

"జీతం?"

"తెరిచాక ఇస్తారు."

"మరి మూసినవాళ్ళకి?"

"సభ్యుల జీతం ఆగదు."

ఆయన ఒక సిగ్నల్ దాటేదాకా ఆలోచించాడు. "భాయీ, అలాంటి కంపెనీలు ఇక్కడా ఒకటీ అరా ఉంటాయి. వాటిమీద లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేస్తాం."

హాయిగా నవ్వాను. ఇండిపెండెంట్‌కి ఉన్న సౌకర్యం అదే. ఎవరు వెక్కిరించినా ఆ వెక్కిరింత పక్కవాడికి తగులుతుంది.

మస్కట్‌లో ఇళ్ళన్నీ పొట్టిగా, తెల్లగా, కొండల ముందు క్రమశిక్షణతో కూర్చున్నట్టుంటాయి. రఘు ఫ్లాట్‌లో కిటికీ తెరిస్తే ఒక బ్యాంకు, ఒక మంత్రిత్వశాఖ, ఒక దోసెల హోటలు కనిపిస్తాయి. మూడింటిలోనూ దోసెల హోటల్లోనే రద్దీ ఎక్కువ.

శుక్రవారం భోజనం

అక్కడ వారాంతపు సెలవు శుక్రవారం. రఘు వాళ్ళ బిల్డింగులో టైల్స్ వేసిన మేస్త్రీ పోశన్నది జగిత్యాల పక్క ఊరు. మమ్మల్ని తన రూమ్‌కి భోజనానికి పిలిచాడు. నలుగురుండే గది. మంచాలు ఒకదాని మీద ఒకటి. నేలమీద పాత పేపర్లు పరిచి అన్నం, మటన్, నిమ్మకాయ ముక్కలు, పచ్చి ఉల్లిగడ్డ పెట్టారు. అమెరికాలో మటన్ అని అమ్మేది మటన్ కాదని ఆ రోజు నాకు రుజువైంది.

"అమెరికల మీది ఏ పార్టీ సార్?" వడ్డిస్తూ అడిగాడు పోశన్న.

"ఏ పార్టీ కాదు పోశన్నా. నేను ఇండిపెండెంట్."

గరిటె గిన్నె మీదే ఆగిపోయింది. మిగతా ముగ్గురూ నావైపు తిరిగారు.

"ఇండిపెండెంటా! గుర్తేమచ్చింది సార్?"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దగ్గర ఇండిపెండెంట్ అంటే ఓటరు కాదు. టికెట్ రాక అలిగి, జీపుకి మైకు కట్టుకుని, మంచం గుర్తో కుట్టుమిషను గుర్తో తెచ్చుకుని, ఎన్నికల్లో నిలబడినవాడు. ఇన్నేళ్ళు దూరంగా ఉండి ఆ అర్థం నేను మరిచిపోయాను. పోశన్న హాస్యమాడుతున్నాడనుకుని నేనూ హాస్యమాడాను.

"ఏనుగుని ఒకళ్ళు పట్టుకుపోయారు, గాడిదని ఇంకొకళ్ళు పట్టుకుపోయారు. నాకేం మిగల్లేదు."

"గాడిదనా! గాడిద గుర్తు పెట్టుకొని ఓట్లడుగుతరా?"

"అడుగుతారు. గెలుస్తారు కూడా."

"ఓ నాయినా! మా దిక్కు గాడిద గుర్తిస్తే అక్కడ్నే నామినేషన్ వాపస్ తీస్కుంటరు."

"డిపాజిట్ దక్కిందా సార్?" పై మంచం మీద కూర్చున్నతను సానుభూతిగా అడిగాడు.

"యాడ దక్కేది, మొత్తం పాయె!" అన్నాడు రఘు నవ్వాపుకుంటూ.

ఎవరూ నవ్వలేదు. "గెలుసుడు ఓడుడు కాదు సార్" అన్నాడు పోశన్న. "పరాయి దేశంల మనోడు నిలవడ్డడు సూడుండ్రి, గది గొప్ప." గిన్నెలో వెతికి, మూలుగున్న ఎముకల్లో అన్నిటికన్నా పెద్ద నల్లిబొక్క తీసి నా అన్నం మీద పెట్టాడు.

ఆ క్షణాన ఒక్క వాక్యం చాలు: "నేను నిలబడలేదయ్యా, ఉత్త ఓటర్ని." ఆ వాక్యం నా నాలుక చివర ఉంది. నేను నల్లిబొక్క అందుకున్నాను.

సొహార్ దారి

శనివారం రఘు కారులో ఉత్తరంగా సముద్రం వెంట బయల్దేరాం. బర్కా దాటాక ఖర్జూరపు తోటలు, మధ్యమధ్య మసీదులు, దుకాణాల వరసలు. దారిలో ఒక మలయాళీ కొట్టు ముందు కారు హారన్ కొడితే టీ కారులోకే వచ్చింది. వంద బైసాలు, అంటే పావు డాలరు. ఏలకులు దంచి పోశాడు. మా ఊళ్ళో ఆ డబ్బుకి కాగితం కప్పు కూడా రాదు.

నన్ను ఆకట్టుకున్నవి ఖాళీ గోడలు. మా రాష్ట్రంలో ఎన్నికలొస్తే ప్రతి ఇంటిముందు గడ్డిలో ఒక పేరు గుచ్చి ఉంటుంది. టీవీ పెడితే ఒకడు ఇంకొకణ్ణి దొంగ అంటుంటాడు. ఇక్కడ కిలోమీటర్ల పొడుగునా నన్నెవరూ ఏమీ అడగలేదు. ఎంత ప్రశాంతంగా ఉందో అన్నాను.

"వీళ్ళకీ షూరా మజ్లిస్‌కి, అంటే సలహా సభకి, ఓట్లుంటాయి బావా. ఫోన్‌లోనే వేస్తారు" అన్నాడు రఘు.

నేను మాట మార్చాను. పోయినసారి మా ఊళ్ళో పోలింగు బడి వ్యాయామశాలలో జరిగింది. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళొచ్చు. వరస పొడుగ్గా ఉందని కాఫీ కొనుక్కుని వెనక్కి వచ్చేశాను. అభ్యర్థులిద్దరూ ఒకటే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఖాళీ గోడల మధ్య నాకు హాయిగా అనిపించింది గొడవ లేనందుకా, ఏదో ఒకటి తేల్చుకోవలసిన పని లేనందుకా అని అనుమానం వచ్చింది. ఎక్కువసేపు నిలవనివ్వలేదు.

ఇంతలో రఘు ఫోన్ మోగడం మొదలైంది. పోశన్న తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో తన గొంతుతోనే ప్రకటన పెట్టాడు: "అమెరికల ఇండిపెండెంటుగ నిలవడ్డ లీడరు సార్ అచ్చిండు. మనోడే. మస్తు సాదాసీదా మనిషి, కింద కూసొని తిన్నడు."

"ఇప్పుడైనా చెప్పేయ్ బావా" అన్నాడు రఘు.

"పోనీలే, వాళ్ళకి సరదా."

"వాళ్ళకా?"

షినాస్ చేపల బజారు

షినాస్ ఎమిరేట్స్ సరిహద్దుకి దగ్గర. ఒడ్డున ఎండబెట్టిన మెత్తళ్ళ చేపల వాసన ఊరంతటినీ పలకరిస్తుంది. రాత్రి సొహార్‌లో ఆగి, రఘు ఆదివారం కూడా సెలవు పెట్టడంతో పొద్దున్నే బజారుకి వెళ్ళాం. వంజరం ముక్కల ముందు బేరమాడుతూ, పొడుగు గౌను మీద నల్ల బట్ట కప్పుకున్న ఒకామె కనిపించింది. మమ్మల్ని చూడగానే బేరం వదిలేసి వచ్చింది. పేరు ఓబులమ్మ. రాయచోటి పక్క పల్లె. ఒక ముసలామె ఇంట్లో పనికుంటోంది. వాట్సాప్ గ్రూపులో రఘుకి తెలిసిన మనిషే, ఫొటో చూసి ఉండటంతో గుర్తుపట్టింది.

"సారూ, అమెరికా సారు మీరేనా?"

"ఈయనే అక్కా, మా బావ" అన్నాడు రఘు.

"సోమవారం నాకి మస్కట్‌లో వీసా ఇంటర్వ్యూ ఉండాది సార్. మా మామాకి ఆపరేషనంట, అమెరికా తీసకపోతాండారు. నన్నూ రమ్మంటాండారు." మామా అంటే ఆ ఇంటి యజమానురాలు, అక్కడ పనివాళ్ళు అలాగే పిలుస్తారు.

నాకు వచ్చిన విద్య ప్రదర్శించే అవకాశం. తడబడొద్దన్నాను, అడిగినదానికే జవాబు చెప్పమన్నాను, తప్పకుండా వస్తుందని ధైర్యం చెప్పాను.

"అయ్యో, అది గాదు సార్" అంది ఓబులమ్మ, అటూ ఇటూ చూసి. "రాకుండా సెయ్యల్ల మీరు."

అమెరికా వీసా రాకుండా చెయ్యమని నన్నడిగిన మొదటి మనిషి ఆమె. విషయం ఇది. కూతురికి తొలి కాన్పు వచ్చేనెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఆ ఇంట్లో ఓబులమ్మ తప్ప ఆడదిక్కు లేదు. ఊరికి సెలవు కూడా ఇచ్చారు, కాన్పుకని మాత్రం ఆమె చెప్పలేదు. ఇంతలో ఆపరేషన్ ముందుకు జరిగింది. అమెరికా వెళ్తే మూడు నెలలు.

"మీ మామాతో చెప్పొచ్చు కదమ్మా?"

"యెట్ల సెప్పేది సార్? నడుం పడిపోయినకాణ్ణించి ఆయమ్మకి నేనే నీళ్ళు పోసేది. వస్తావా ఓబులమ్మా అంటే వస్తా మామా అంటి. అప్పటికి పాప నెల తప్పిన సంగతి నాకి తెలీదు. ఇప్పుడు రానంటే? కోపమొచ్చి ఈడ నా వీసా క్యాన్సిల్ కొట్టి ఊరికి పంపిచ్చేస్తే? మల్ల ఈ ఇల్లు దొరకదు సార్ నాకి. అదే అమెరికావోళ్ళే వద్దన్యారనుకో, ఎవురి మీదా తప్పుండదు."

నేను పుస్తకాలు చదివి తెలుసుకున్న రాజ్యాంగంలో ప్రభుత్వానికి ఈ ఉపయోగం ఎక్కడా రాసి లేదు: ఒకరి ముఖం చూసి కాదనలేని మాటని మనకోసం అది అనడం. ఆమెను తప్పు పట్టే అర్హత నాకు లేదు. ఇద్దరూ ఒకటే అంటూ నేను ఇన్నాళ్ళూ ఎవరినీ కాదనకుండా తప్పించుకున్నదీ అలాగే.

"మీరు ఒక్క మాటంటే సాలు సార్. లీడర్లు గదా."

రఘు నావైపు చూశాడు. ఆమె కూడా చూస్తోంది. నేను అన్నాను: "చూద్దాంలేమ్మా."

ఈ మాట మామూలు మనిషి నోట వస్తే నావల్ల కాదని అర్థం. లీడరు నోట వస్తే పని అయిపోయినట్టే. ఓబులమ్మ ముఖం తేటపడింది. వెనక్కి వెళ్ళి అరబ్బీలో ఏదో గదమాయించి, మాకు కూడా ఒక వంజరం సగం ధరకి ఇప్పించింది. ఆ చేప ఆ మధ్యాహ్నం చాలా రుచిగా ఉందని రాయడానికి సిగ్గుగా ఉంది.

మస్కట్, సోమవారం

సాయంత్రం రఘుతో మత్రా బజారులో సాంబ్రాణి కొంటుండగా ముందు పోశన్న ఫోన్ వచ్చింది. "సార్, ఓబులమ్మక్కకు వీసా అచ్చిందట! గెలవకున్నా మీ పలుకుబడి గట్లనే ఉన్నది!" తరవాత ఎవరెవరో. అందరూ అభినందనలే. చివరికి రఘు ఫోన్‌లో ఓబులమ్మ.

"రాకుండా సెయ్యమంటే వచ్చేటట్టు సేస్తిరి గదా సార్" అని ఏడ్చింది.

జరిగింది ఆమె మాటల్లోనే తెలిసింది. ఎంబసీలో కిటికీ అవతల ఉన్న అమ్మాయి, హిందీ తెలిసినామె సాయంతో, అమెరికాలో ఏం చూడాలనుందని అడిగింది. ఏమీ లేదంది ఓబులమ్మ. అక్కడే ఉండిపోతావా అంటే, "నేనెందుకుంటా? నా బిడ్డ కడుపుతో ఉండాది, ఎప్పుడెప్పుడు మా ఊరికి పోదామా అని ఉండాది" అంది. ఆ అమ్మాయి నవ్వి, వీసా ఇస్తున్నామంది.

వచ్చినవాళ్ళంతా ఉండిపోవడానికే వస్తారన్న అనుమానంతో మొదలవుతుంది మా వీసాల పద్ధతి. దాన్ని దాటడానికి జనం ఆస్తి పత్రాలు, బ్యాంకు కాగితాలు మోసుకెళ్తారు. ఓబులమ్మ ఏమీ మొయ్యలేదు. మా దేశం మీద ఏ ఆశా లేదని నిజం చెప్పింది, వెంటనే ముద్ర పడింది. మా ప్రభుత్వం ఒక మనిషిని ఇంత త్వరగా, ఇంత సరిగ్గా అర్థం చేసుకోవడం నేను ఎన్నడూ వినలేదు. అర్థం చేసుకోక చేసుకోక ఇలాంటప్పుడే చేసుకుంది.

"సాలెం బాబా టికెట్లు గూడా తీసేసినాడు సార్. వచ్చేవారమే" అంది ఆమె. సాలెం ఆ ముసలామె కొడుకు. "మీరు సూస్తామన్యారని నేను మామాకి ఏమీ సెప్పకుండా ఉంటి."

ఫోన్ పెట్టేశాక రఘు అన్నాడు: "ఇప్పుడేంది బావా? వాషింగ్టన్‌కి ఫోన్ చేస్తావా?"

షినాస్ బజారులో నేను నిజం చెప్పి ఉంటే, టికెట్లు కొనకముందే యజమానురాలితో మాట్లాడుకోవడానికి ఆమెకి వ్యవధి ఉండేది. ఆ వ్యవధిని ఒక్క మాటతో నేనే తినేశాను.

"రేపు సెలవు పెట్టగలవా?" అని అడిగాను.

మళ్ళీ షినాస్

ఆ ఇల్లు నిమ్మచెట్ల తోట వెనకాల ఉంది. వెనక గేటు దగ్గర ఓబులమ్మ ఎదురొచ్చింది. కూర్చోకముందే చెప్పేశాను.

"నేను లీడర్ని కాదమ్మా."

"మల్ల ఇండిపెండెంటన్యారే?"

"ఏ పార్టీకీ చెందనివాణ్ణని. అక్కడ ఆ మాటకి అంతే అర్థం. ఎలక్షన్లో నేనెప్పుడూ నిలబళ్ళేదు. ఓటరునంతే."

"ఓటరా." కాసేపు నన్ను ఎగాదిగా చూసింది. "ఎవురికేస్తిరి?"

"పోయినసారి వెయ్యలేదు."

"ఓటు గూడా ఎయ్యనోడివి, నాకి చూద్దామని యెందుకు సెప్తివి నువ్వు?"

అప్పటిదాకా నేను ఆమెకి మీరు. ఆ నువ్వు నాకు న్యాయంగా దక్కినదే కాబట్టి తీసుకున్నాను. లోపలికి వెళ్ళి పెద్దావిడకి నేనే చెబుతానన్నాను. "నువ్వేం సెప్తావులే" అంది గాని, ఆపలేదు.

మమ్మల్ని కూర్చోబెట్టిన గదిలో నేలంతా తివాచీ, గోడల వెంబడి దిండ్లు. సాలెం నలభై ఏళ్ళ మర్యాదస్తుడు. ఖర్జూరాలు పెట్టి, చిన్న పిడిలేని కప్పులో యాలకుల కాఫీ పోశాడు. తాగాను. మళ్ళీ పోశాడు. వద్దంటే అమర్యాదేమోనని మళ్ళీ తాగాను. చాలనడానికి కప్పుని అటూ ఇటూ ఊపాలట. రఘు ఆ సంగతి నా కడుపు నిండాక చెప్పాడు. పెద్దావిడ దిండుకి చేరగిలబడి, ముఖానికున్న ముసుగులోంచి నన్ను చూస్తోంది.

ఇంగ్లీషులో మొదలుపెట్టాను. తప్పంతా నాదన్నాను. మా దేశపు వీసా విషయంలో ఒక అపార్థం జరిగిందన్నాను. సాలెం ముఖం వెలిగింది. "మీరే సహాయం చేశారా? చాలా కృతజ్ఞతలు!" అన్నాడు. కాదు కాదన్నాను. స్వతంత్ర ఓటరంటే ఏమిటో వివరించబోయాను. నా వివరణ రెండో సభ దాకా వచ్చేసరికి, గుమ్మం దగ్గర నిలబడి వింటున్న ఓబులమ్మ కొంగులాగా ఆ నల్లబట్ట దోపుకుని లోపలికొచ్చి, నన్ను దాటుకుని, పెద్దావిడ ముందు కూర్చుంది.

వంటింటి అరబ్బీలో మాట్లాడింది. నాకు 'బింతీ' అన్న ఒక్క మాటే తెలిసింది, నా కూతురు అని. మిగతాది ఆమె చేతులు చెప్పాయి. పొట్ట చూపించింది. పెద్దావిడ పాదాలు పట్టుకుంది.

పెద్దావిడ ఒక ప్రశ్న వేసింది. ఓబులమ్మ తల దించుకుంది. సాలెం నాకోసం ఇంగ్లీషులో చెప్పాడు: "అక్కడ నాకు నీళ్ళెవరు పోస్తారు అంటోంది. పరాయి చెయ్యి తగిలితే మా అమ్మ ఓర్చుకోలేదు."

ఇంత దూరం వచ్చి ఆ వైపు కూడా ఒక భయం ఉంటుందని నాకు తట్టనేలేదు. ఓబులమ్మకి తెలుసు, అందుకే చెప్పలేకపోయింది.

పెద్దావిడ మళ్ళీ ఏదో అంది, ఈసారి గట్టిగా. సాలెం నావైపు చూడకుండా తర్జుమా చేశాడు. "నాకు ఈ మాట చెప్పడానికి నీకు అమెరికా కావలసి వచ్చిందా అంటోంది."

ఓబులమ్మ ఏడ్చింది. పెద్దావిడ ఓదార్చలేదు. కొడుకుని పిలిచి కోడలు పాస్‌పోర్టు తెమ్మంది. తనతో, ఇదివరకే అమెరికా వీసా ఉన్న కోడలు వస్తుందని, ఓబులమ్మకి ఊరికి టికెట్ తియ్యమని, కాన్పయ్యాక తిరిగి రమ్మని చెప్పింది. క్యాన్సిల్ అన్న మాట రాలేదు. కాని ఓబులమ్మ లేచి కాఫీ పొయ్యబోతే, పెద్దావిడ తన కప్పు మీద అరచెయ్యి మూసింది.

మేం లేస్తుంటే ఆమె నన్ను వేలితో చూపించి ఓబులమ్మని ఏదో అడిగింది. ఓబులమ్మ నావైపు ఒకసారి చూసి పొట్టిగా జవాబు చెప్పింది. పెద్దావిడ తృప్తిపడినట్టే తల ఊపింది.

గేటు దాకా ఓబులమ్మ వచ్చింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "ఆయమ్మకి జడేసేది కోడలికి నేర్పియ్యల్ల. వారమే ఉండాది" అంది, తనలో తాను అనుకున్నట్టు.

"నా గురించి ఏమడిగిందమ్మా?"

"ఎవురీయన, పెద్దోడా అనింది."

"నువ్వేమన్నావు?"

"పెద్దోడేం గాదు, మనిసి అన్యా. అరబ్బీలో నాకి అంతే వచ్చు." గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసి అడిగింది: "తప్పా?"

"కాదు" అన్నాను.